తెలంగాణ రాష్ట్ర బార్ కౌన్సిల్

తెలంగాణ రాష్ట్ర బార్ కౌన్సిల్ ఈ రాష్ట్రంలోని న్యాయవాద వృత్తిని నియంత్రించే చట్టబద్ధ సంస్థ. న్యాయశాస్త్ర పట్టా చేతికొచ్చిన యువతీ యువకుల పేర్లను న్యాయవాదుల పట్టీలోకి ఎక్కించడం, ఆ పట్టీని కాపాడటం, వృత్తిధర్మం తప్పిన వారిని విచారించి అవసరమైతే వారి పేరు కొట్టివేయడం దీని ముఖ్యమైన పనులు. వకీళ్ల హక్కులకు, సంక్షేమానికి అండగా నిలవడమూ దీని బాధ్యతే. 1961 నాటి న్యాయవాదుల చట్టం దీనికి మూలం. కార్యాలయం హైదరాబాదు పాతబస్తీలో, మూసీ దక్షిణపు ఒడ్డున, హైకోర్టు ఆవరణలో ఉంది.

కక్షిదారును వకీలు చేతిలో మోసపోకుండా కాపాడే పని, వకీలును ప్రభుత్వమో పోలీసులో వేధించకుండా కాపాడే పని చట్టం ఒకే సంస్థకు అప్పగించింది. కౌన్సిల్ సభ్యులను ఎన్నుకునేది వకీళ్లు. కక్షిదారుకు అక్కడ ఓటు లేదు. ఈ సంస్థ చరిత్రలో వచ్చిన మంచీ చెడూ చాలావరకు ఈ అమరికలోంచి పుట్టినవే.

వకీళ్లందరికీ ఒకే కౌన్సిల్ ఎందుకో ఇంగ్లండుతో పోల్చి చూస్తే తెలుస్తుంది. అక్కడ న్యాయవృత్తి రెండు పాయలు. కోర్టులో నిలబడి వాదించేవారు బారిస్టర్లు, కక్షిదారుతో నేరుగా మాట్లాడి కాగితాలు సిద్ధం చేసేవారు సొలిసిటర్లు. మన దేశంలో ఆ విభజన బొంబాయి, కలకత్తా వంటి ప్రెసిడెన్సీ నగరాల్లో అటార్నీల రూపంలో కొంతకాలం నడిచి, 1976 చట్ట సవరణతో చట్టంలోంచి తొలగిపోయింది. అందువల్ల ఇక్కడ సొలిసిటర్ పనీ బారిస్టర్ పనీ ఒక్క న్యాయవాదే చేస్తాడు, వారందరికీ కలిపి రాష్ట్రానికి ఒక్కటే కౌన్సిల్ ఉంటుంది.

చోటు

అఫ్జల్‌గంజ్ నుంచి నయాపుల్ దాటి మదీనా కూడలి వైపు వెళ్తుంటే కుడిచేతి వైపు హైకోర్టు భవనం గుమ్మటాలు కనిపిస్తాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ఊడ్చుకుపోయిన తరువాత, నదీ తీరాన్ని తీర్చిదిద్దే పనిలో భాగంగా లేచిన గొప్ప కట్టడాల్లో ఇదొకటి. జైపూరుకు చెందిన శంకర్‌లాల్ నమూనా గీశారు, మెహర్ అలీ ఫజల్ ఇంజనీరుగా పనిచేశారు. 1915 ఏప్రిల్‌లో మొదలైన నిర్మాణం 1919 మార్చిలో ముగిసింది. 1920 ఏప్రిల్ 20న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ప్రారంభించారు. గులాబి రంగు రాయి, ఎర్ర ఇసుకరాయి కలిసిన ఆ గోడలను నూరేళ్లకు పైగా వకీళ్లు, గుమస్తాలు, కక్షిదారులు తమవిగానే చూసుకుంటూ వచ్చారు.

కౌన్సిల్‌కు ఇది సహజమైన చోటు. హైకోర్టు పక్కనే ఉంది, కొద్ది దూరంలో పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు నడుస్తోంది. పేదలకు ఉచితంగా వకీలును ఏర్పాటు చేసే రాష్ట్ర న్యాయసేవల అధికార సంస్థ కార్యాలయం న్యాయ సేవా సదన్ కూడా పురానీ హవేలీ ఆవరణలోనే ఉంది. అంటే న్యాయస్థానం, న్యాయసహాయం, న్యాయవాదుల నియంత్రణ మూడూ పాతబస్తీలో కాలినడకన తిరగగలిగినంత దగ్గరలో ఉన్నాయి. ఈ అమరిక మారబోతోంది. రాజేంద్రనగర్ మండలంలో 100 ఎకరాల్లో కొత్త హైకోర్టు భవన సముదాయానికి 2024 మార్చి 27న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ శంకుస్థాపన చేశారు.

కౌన్సిల్‌కు ముందు

నిజాం పాలనలో న్యాయవాద వృత్తి బ్రిటిష్ ఇండియాకు భిన్నంగా పెరిగింది. 1880ల్లో పారశీకం స్థానంలో ఉర్దూ కోర్టు భాషగా స్థిరపడింది. వకాలత్‌నామా, దస్తావేజు, పేషీ, ఫైసలా వంటి మాటలు తెలుగు పల్లెల దాకా చేరింది ఈ కోర్టుల గుండానే. 1921లో నిజాం న్యాయశాఖను పాలనాశాఖ నుంచి వేరుచేశారు. కలెక్టరే మేజిస్ట్రేటుగా కూర్చునే పద్ధతి బ్రిటిష్ జిల్లాల్లో ఇంకా సాగుతున్న రోజుల్లో అది ముందడుగే.

అదే ఏడాది నవంబరులో ఇంకొక సంగతి జరిగింది. హైదరాబాదు వివేకవర్ధని ఆవరణలో, మహర్షి కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభికులు ఎగతాళి చేశారు. ఆ అవమానం తట్టుకోలేక ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు టేకుమాల రంగారావు ఇంట్లో సమావేశమై ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. రంగారావు కూడా వకీలే. ఆ ఉద్యమానికి పెద్దదిక్కైన మాడపాటి హనుమంతరావు, తరువాత హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు, ఒక జిల్లాకే పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి, వీరంతా హైదరాబాదు బార్ (వకీళ్ల సమూహం) నుంచి వచ్చినవారు. కోర్టులో ఉర్దూలో వాదించి, సాయంత్రం తెలుగు గ్రంథాలయానికి చందాలు పోగుచేసిన తరం అది. తెలంగాణలో వకీలుకు ఉన్న గౌరవంలో ఎక్కువ భాగం వారు సంపాదించిపెట్టినదే.

అయితే ఆ కాలంలో వకీళ్లకు సొంత పాలన లేదు. బ్రిటిష్ ఇండియాలో 1879 నాటి న్యాయవృత్తిదారుల చట్టం కింద వకీళ్లు, ప్లీడర్లు, ముక్తార్లు, రెవెన్యూ ఏజెంట్లు వేర్వేరు తరగతులుగా ఉండేవారు. ఏ తరగతి వాళ్లు ఏ కోర్టు గడప దాటవచ్చో నిబంధనలు చెప్పేవి. వారిని చేర్చుకోవడం, శిక్షించడం కోర్టుల చేతుల్లో ఉండేది. 1926 బార్ కౌన్సిళ్ల చట్టం హైకోర్టుల దగ్గర కౌన్సిళ్లను పెట్టింది గానీ, క్రమశిక్షణ విషయంలో ఆఖరి మాట హైకోర్టుదే. కౌన్సిల్ విచారించి నివేదిక ఇచ్చేది, తీర్పు జడ్జీలు చెప్పేవారు.

స్వాతంత్ర్యం వచ్చాక దేశమంతటికీ ఒకే బార్ ఉండాలన్న కోరిక బలపడింది. న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ అధ్యక్షతన 1951లో ఏర్పడిన అఖిల భారత బార్ కమిటీ 1953లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితమే 1961 న్యాయవాదుల చట్టం. పాత తరగతులు పోయి 'అడ్వకేటు' అనే ఒక్క తరగతి మిగిలింది. రాష్ట్రాల్లో కౌన్సిళ్లు, వాటి పైన భారత బార్ కౌన్సిల్ ఏర్పడ్డాయి. పేరు చేర్చే అధికారం, తీసేసే అధికారం జడ్జీల నుంచి వకీళ్ల చేతికి వచ్చాయి. ఒక వృత్తిపై ఇంత నమ్మకం ఉంచిన చట్టాలు మనకు ఎక్కువ లేవు.

ఒకటి రెండైన కథ

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 జూలైలో గుంటూరులో హైకోర్టు మొదలైంది. కోకా సుబ్బారావు దాని తొలి ప్రధాన న్యాయమూర్తి. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరించగానే ఆ హైకోర్టు హైదరాబాదుకు తరలివచ్చింది. ఒకే భవనంలో రెండు బార్లు కలిశాయి. ఒకటి మద్రాసు సంప్రదాయంలో ఇంగ్లీషులో పెరిగింది, మరొకటి ఉర్దూలో పెరిగి అప్పటికి కొద్ది ఏళ్ల ముందే ఇంగ్లీషుకు మళ్లింది. 1961 చట్టం వచ్చాక ఈ రెండు బార్లకూ కలిపి ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ హైకోర్టు ఆవరణలోనే ఏర్పడింది.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినా హైకోర్టు చాలాకాలం ఉమ్మడిగానే నడిచింది. హైకోర్టు విభజన కోరుతూ తెలంగాణ న్యాయవాదులు పలుమార్లు ఆందోళనకు దిగారు. కింది కోర్టుల న్యాయాధికారుల కేటాయింపుపై 2016 జూన్‌లో తలెత్తిన నిరసనలో న్యాయాధికారులే రోడ్డెక్కారు, కొందరు సస్పెండయ్యారు. కౌన్సిళ్ల ఎన్నికలు మాత్రం 2018లోనే రెండు రాష్ట్రాలకు వేర్వేరుగా జరిగాయి. తెలంగాణ కౌన్సిల్‌కు ఎ. నరసింహారెడ్డి అధ్యక్షుడయ్యారు. 2019 జనవరి 1న హైకోర్టులు విడిపోయాయి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతికి వెళ్లింది. దశాబ్దాలుగా హైదరాబాదులో స్థిరపడిన కోస్తా, రాయలసీమ వకీళ్లు ఏ పట్టీలో ఉండాలో తేల్చుకోవాల్సి వచ్చింది. ఒక రాష్ట్ర పట్టీ నుంచి మరో రాష్ట్ర పట్టీకి పేరు మార్చుకోవడానికి చట్టంలోని 18వ సెక్షను దారి చూపుతుంది, దానికి రుసుము అక్కర్లేదు. ఏ పట్టీలో ఉన్నా దేశంలోని ఏ కోర్టులోనైనా వాదించే హక్కు 30వ సెక్షను ఇస్తుంది. చట్టం వచ్చిన 50 ఏళ్లకు, 2011 జూన్ 15న గానీ ఆ సెక్షను అమల్లోకి రాలేదు.

కూర్పు, ఎన్నిక

పట్టీలోని ఓటర్లు 5,000 లోపుంటే కౌన్సిల్‌లో 15 మంది, 10,000 లోపుంటే 20 మంది, అది దాటితే 25 మంది ఎన్నికైన సభ్యులు ఉంటారు. రాష్ట్ర అడ్వకేట్ జనరల్ పదవి రీత్యా సభ్యుడు. ఎన్నికైనవారిలో సుమారు సగం మందికి పట్టీలో కనీసం 10 ఏళ్ల అనుభవం ఉండాలి. పదవీకాలం 5 ఏళ్లు.

ఎన్నిక దామాషా పద్ధతిలో, ఒకే బదిలీ ఓటుతో జరుగుతుంది. ఓటరు తనకు నచ్చిన అభ్యర్థుల పేర్లకు ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్యాలు వేస్తాడు. 25 స్థానాల ఎన్నికలో చెల్లిన ఓట్లలో సుమారు 26వ వంతు దాటినవారు గెలుస్తారు. మిగులు ఓట్లు, ఓడినవారి ఓట్లు తరువాతి ప్రాధాన్యానికి బదిలీ అవుతాయి. లెక్కింపు రోజుల తరబడి సాగడానికి కారణం ఇదే. ఈ పద్ధతిలో హైకోర్టులో పేరున్న సీనియర్‌తో పాటు వరంగల్‌లోనో ఖమ్మంలోనో నిజామాబాదులోనో జిల్లా బార్ అండ ఉన్న వకీలు కూడా గెలవగలడు. చిన్న ఊళ్ల వకీళ్లకు గొంతు దొరికేది దీనివల్లే కాబట్టి ఇది మంచి పద్ధతి.

ఆ ఎన్నిక సమయానికి జరగకపోవడమే బాధ కలిగించే విషయం. 2018లో ఎన్నికైనవారి గడువు చట్టం లెక్కన 2023తో తీరాలి. వకీళ్ల పట్టాలు అసలువో కావో తేల్చే పని ముగియలేదంటూ దేశమంతటా కౌన్సిళ్ల ఎన్నికలు వాయిదా పడుతూ వచ్చాయి. పట్టాల తనిఖీ అవసరమే. దొంగ పట్టాతో నల్లకోటు వేసుకున్నవాడు ఒక కుటుంబం భూమిని, ఒక నిందితుడి స్వేచ్ఛను పణంగా పెడతాడు. ఈ పనిని పర్యవేక్షించడానికి సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో విశ్రాంత న్యాయమూర్తి దీపక్ గుప్తా నాయకత్వంలో ఒక కమిటీ వేసింది. కానీ తనిఖీని సాకు చేసుకుని ఎన్నికలను ఏళ్ల తరబడి ఆపడం సబబు కాదు. చివరకు 2025లో సుప్రీంకోర్టే కలగజేసుకుని రాష్ట్ర కౌన్సిళ్ల ఎన్నికలు జరపమని ఆదేశించాల్సి వచ్చింది.

పట్టీలో పేరు

భారత పౌరసత్వం, 21 ఏళ్ల వయసు, గుర్తింపు పొందిన న్యాయ పట్టా, ఈ మూడూ ఉన్నవారు ఎన్‌రోల్‌మెంటుకు దరఖాస్తు చేయవచ్చు. నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్షపడినవారు, అలాంటి ఆరోపణపై ప్రభుత్వోద్యోగం నుంచి తొలగింపుకు గురైనవారు అనర్హులు. విడుదలై లేదా తొలగింపుకు గురై రెండేళ్లు గడిస్తే ఆ అనర్హత పోతుంది. దరఖాస్తులను ముగ్గురు సభ్యుల ఎన్‌రోల్‌మెంటు కమిటీ చూస్తుంది. తిరస్కరించదలిస్తే కారణాలతో భారత బార్ కౌన్సిల్‌కు నివేదించి దాని అభిప్రాయం ప్రకారమే నడుచుకోవాలి. ఒక జిల్లా గొడవో వ్యక్తిగత కక్షో ఒకరి బతుకుతెరువును ఆపకుండా పెట్టిన కట్టడి ఇది.

పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగులు ఆ ఉద్యోగం చేస్తూ వకాలత్ చేయకూడదు. 45 ఏళ్లు దాటినవారిని చేర్చుకోకూడదన్న నిబంధనను మాత్రం సుప్రీంకోర్టు 1995లో కొట్టేసింది. పదవీ విరమణ తరువాత నల్లకోటు వేసుకుంటున్నవారికి దారి తెరిచింది ఆ తీర్పే. వృత్తిలో కొనసాగాలంటే అఖిల భారత బార్ పరీక్ష కూడా రాసి గట్టెక్కాలి. ఈ పరీక్ష 2011లో మొదలైంది. దాని చెల్లుబాటును 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది.

రుసుము సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చట్టంలో రాసిన రుసుము సాధారణ అభ్యర్థికి 750 రూపాయలు (రాష్ట్ర కౌన్సిల్‌కు 600, భారత కౌన్సిల్‌కు 150), షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థికి 125 రూపాయలు. దేశంలోని కౌన్సిళ్లు దీనిపై గ్రంథాలయ రుసుము, సంక్షేమ రుసుము, గుర్తింపు కార్డు రుసుము అంటూ రకరకాల పేర్లతో కలుపుకుంటూ పోవడంతో మొత్తం చాలా రాష్ట్రాల్లో వేలల్లోకి చేరింది, ఒక చోట 40 వేలు దాటింది. 2024 జూలై 30న సుప్రీంకోర్టు చట్టం చెప్పిన దానికి మించి ఒక్క రూపాయి వసూలు చేయకూడదని తేల్చింది. చేతిలో కేసు లేని, సీనియర్ దగ్గర జీతం లేకుండా ఏళ్లు గడపాల్సిన దళిత, ఆదివాసీ, పేద ఇళ్ల పిల్లలకు గుమ్మంలోనే అడ్డుకట్ట వేయడం సమానత్వానికి విరుద్ధమని ధర్మాసనం చెప్పింది. ఇంటిలో మొదటి వకీలు అయ్యేవాడికి ఆ వేల రూపాయలు ఎంత భారమో చూసినవారికి ఈ తీర్పు విలువ తెలుస్తుంది. కౌన్సిళ్ల రోజువారీ ఖర్చు చాలావరకు ఆ వసూళ్లతోనే నడిచేదన్నది కూడా నిజమే. అయితే సంస్థ నడవడానికి డబ్బు కావాలంటే సంపాదించే సీనియర్లను అడగాలి తప్ప, ఇంకా మొదటి వకాలత్ కూడా వేయని పిల్లలను కాదు.

సంక్షేమం, రక్షణ

1987 నాటి ఆంధ్రప్రదేశ్ న్యాయవాదుల సంక్షేమ నిధి చట్టం రెండు రాష్ట్రాలకూ వారసత్వంగా వచ్చింది. వకాలత్‌నామాపై అతికించే సంక్షేమ స్టాంపు ద్వారా పోగయ్యే సొమ్ము మరణించిన వకీలు కుటుంబానికి, వృత్తి మానుకున్నవారికి సాయంగా అందుతుంది. కాగితాలు మోసి, పేషీ తేదీలు గుర్తుంచుకుని, కోర్టును నడిపించే గుమస్తాల కోసం 1992లో వేరే చట్టం వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం న్యాయవాదుల కోసం 100 కోట్ల రూపాయల సంక్షేమ నిధిని ఏర్పాటు చేసింది.

రక్షణ అనే మాటకు 2021 తరువాత తెలంగాణలో బరువు పెరిగింది. ఆ ఏడాది ఫిబ్రవరి 17న పెద్దపల్లి జిల్లాలో హైకోర్టు వకీళ్లైన దంపతులను పట్టపగలు నడిరోడ్డు మీద నరికి చంపారు. రాష్ట్రమంతటా కోర్టులు స్తంభించాయి. హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది. న్యాయవాదుల రక్షణకు ప్రత్యేక చట్టం కావాలన్న కోరిక అప్పటి నుంచి బలంగా వినిపిస్తోంది. బెదిరింపుకు లొంగే వకీలు కక్షిదారుకు పనికిరాడు గనుక ఈ కోరికను వకీళ్ల సొంత స్వార్థంగా చూడకూడదు.

కోర్టుల బహిష్కరణ దీనికి అతుక్కుని ఉన్న చిక్కు ముడి. వకీళ్లకు సమ్మె హక్కు లేదని, బహిష్కరణకు పిలుపివ్వరాదని 2002 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం హరీశ్ ఉప్పల్ కేసులో స్పష్టంగా చెప్పింది. వృత్తి గౌరవానికే భంగం కలిగే అరుదైన సందర్భంలో ఒక్కరోజుకు మించని నిరసనను మాత్రం కోర్టులు చూసీచూడనట్టు వదలవచ్చంది. తెలంగాణ ఉద్యమంలో వకీళ్లు ముందు వరసలో నిలిచారు, కోర్టులు వారాల తరబడి మూతబడ్డాయి. ఆ పోరాటం న్యాయమైనదే అయినా, జైల్లో బెయిలు కోసం ఎదురుచూసినవాడికి ఆ వారాలు తిరిగి రాలేదు.

అసోసియేషన్ వేరు

కక్షిదారులే కాదు, చదువుకున్నవారు కూడా బార్ కౌన్సిల్‌ను బార్ అసోసియేషన్‌ను ఒకటిగా చూస్తారు. తెలంగాణ హైకోర్టు న్యాయవాదుల సంఘం, జిల్లాల బార్ అసోసియేషన్లు సభ్యులు తమంతట తాము చేరే సంఘాలు. గదులు, గ్రంథాలయం, ఛాంబర్లు, పరస్పర సాయం వాటి పని. ఒకరి సనదు (వకాలత్ చేసే అనుమతి) తీసేసే అధికారం వాటికి లేదు. ఫలానా నిందితుడి తరఫున ఎవరూ వాదించకూడదని కొన్నిచోట్ల బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చట్టం ముందు నిలవవు. తగిన ఫీజు ఇచ్చినవారి కేసు తీసుకోవాలన్నది బార్ కౌన్సిల్ నియమం. అలాగే 'సీనియర్ అడ్వకేటు' హోదా ఇచ్చేది హైకోర్టో సుప్రీంకోర్టో గానీ కౌన్సిల్ కాదు.

క్రమశిక్షణ

కౌన్సిల్ పనిలో అన్నిటికంటే బరువైనది ఇదే. వకీలు ఎలా నడుచుకోవాలో భారత బార్ కౌన్సిల్ నియమాలు చెబుతాయి. గెలిస్తే ఇంత వాటా అని బేరం పెట్టకూడదు. కక్షిదారు తరఫున వసూలైన సొమ్ముకు లెక్క చెప్పాలి. ఒక పక్షానికి సలహా ఇచ్చి అదే కేసులో రెండో పక్షానికి నిలబడకూడదు. తాను నడిపిన కేసులో వేలానికి వచ్చిన ఆస్తి కొనకూడదు. ప్రకటనలతో కేసులు పట్టకూడదు, గుమ్మం ముందు బోర్డు కూడా మితమైన కొలతలోనే ఉండాలి. ఫీజు బాకీ ఉందన్న కారణంతో ఫైలు ఆపుకోకూడదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగునాట కక్షిదారులు తరచూ చిక్కుకునేది ఈ చివరిదానిలోనే. ఫైలు వకీలు దగ్గర ఇరుక్కుంటే కొత్త వకీలును పెట్టుకోవడం కుదరదు, పేషీ తేదీ ఆగదు.

ఫిర్యాదు అందాక కౌన్సిల్ దాన్ని పరిశీలించి, దుష్ప్రవర్తన జరిగిందని నమ్మడానికి కారణం కనిపిస్తే క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. కమిటీలో ముగ్గురు. ఇద్దరు కౌన్సిల్ సభ్యులు, ఒకరు కౌన్సిల్ బయటి అనుభవం గల వకీలు. సాక్షులను పిలిపించడంలో, పత్రాలు తెప్పించడంలో దీనికి సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. నోటీసు వకీలుకూ అడ్వకేట్ జనరల్‌కూ వెళుతుంది. విచారణ ముగిశాక ఫిర్యాదు కొట్టేయవచ్చు, మందలించవచ్చు, కొంతకాలం వృత్తి నుంచి నిలిపివేయవచ్చు, పట్టీలోంచి పేరే తీసేయవచ్చు. ఏడాదిలో తేలకపోతే కేసు భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ అవుతుంది. రాష్ట్ర కమిటీ తీర్పుపై 60 రోజుల్లో భారత కౌన్సిల్‌కు, అక్కడి నుంచి మరో 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఫిర్యాదుదారు మధ్యలో రాజీపడినా, వెనక్కు తీసుకున్నా, అంతమాత్రాన విచారణ ఆగదని నియమాలు చెబుతాయి. నా దృష్టిలో కక్షిదారుకు దొరికిన పెద్ద బలం ఇదే. వకీలు డబ్బు వాపసు ఇచ్చి నోరు మూయించినా వృత్తి మీద పడిన మచ్చను తేల్చాల్సిందే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ చరిత్రలో గుర్తుంచుకోవాల్సిన కేసు ఒకటుంది. ఒక వకీలు డిక్రీ అమలులో కక్షిదారుకు రావలసిన సొమ్ము కోర్టు నుంచి తీసుకుని, అతనికి ఇవ్వకుండా వాడుకున్నాడు. రాష్ట్ర కౌన్సిల్ అతని పేరు పట్టీలోంచి తీసేసింది. భారత బార్ కౌన్సిల్ మాత్రం కాజేసే ఉద్దేశం కనబడలేదంటూ ఆ శిక్షను రద్దు చేసింది. రాష్ట్ర కౌన్సిల్ అంతటితో ఊరుకోలేదు. తన పై సంస్థ తీర్పును సవాలు చేస్తూ తానే సుప్రీంకోర్టుకు వెళ్లింది. రాష్ట్ర కౌన్సిల్‌కు అలా అప్పీలు చేసే హక్కు ఉందని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1975లో మహారాష్ట్ర కేసులో తేల్చి ఉంది. 2002లో సుప్రీంకోర్టు రాష్ట్ర కౌన్సిల్ వాదనను ఒప్పుకుని పేరు తొలగింపును నిలబెట్టింది. పాతబస్తీ నుంచి ఢిల్లీ దాకా ఒక కక్షిదారు పక్షాన వకీళ్ల సంస్థే ఒక వకీలుపై పోరాడి గెలిచింది. ఓటు వేసేది వకీళ్లే అయినా కౌన్సిల్ నిటారుగా నిలబడగలదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇదే రాష్ట్రం నుంచి వెళ్లిన మరో కేసులో, సంతకం చేసిన మనిషి తన ఎదుట లేకుండానే అఫిడవిట్‌ను ధ్రువీకరించిన వకీలును సుప్రీంకోర్టు 1984లో 5 ఏళ్లపాటు వృత్తి నుంచి నిలిపేసింది. కోర్టు ఆవరణల్లో చాలామంది దీన్ని చిన్న సంగతిగానే చూస్తారు. కానీ ఆ సంతకంపై ఆధారపడి ఇళ్లు, స్థలాలు చేతులు మారతాయి. పాత దస్తావేజులు ఉర్దూలోనూ వారసత్వపు తగాదాలు మూడు తరాలవీ ఉండే హైదరాబాదులో తప్పుడు ధ్రువీకరణ ఎంత దూరం పోతుందో సిటీ సివిల్ కోర్టులో కొన్నాళ్లు కూర్చున్న వారెవరైనా చెప్పగలరు.

మరో దేశపు దారి

ఇంగ్లండులో సొలిసిటర్ల సంఘమైన లా సొసైటీ ఒకప్పుడు సభ్యుల తరఫున మాట్లాడటం, సభ్యులను శిక్షించడం రెండూ చేసేది. ఈ రెండూ ఒకే చోట ఉండకూడదన్న విమర్శ పెరిగి 2007లో నియంత్రణ కోసం వేరే సంస్థ ఏర్పడింది. తీవ్రమైన దుష్ప్రవర్తన ఆరోపణలను విడిగా ఒక ట్రైబ్యునల్ విచారిస్తుంది, అందులో వకీళ్లు కాని సామాన్య సభ్యులు కూడా కూర్చుంటారు. మన చట్టంలో అలాంటి ఏర్పాటు లేదు. ముగ్గురు సభ్యుల కమిటీలో ముగ్గురూ వకీళ్లే.

2025 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన న్యాయవాదుల చట్ట సవరణ ముసాయిదా ఈ చర్చను మళ్లీ లేపింది. బహిష్కరణలపై ఆంక్షలతో పాటు భారత బార్ కౌన్సిల్‌లో ప్రభుత్వ ప్రతినిధులను పెట్టే ప్రతిపాదన అందులో ఉండటంతో దేశమంతటా వకీళ్లు నిరసన తెలిపారు, అదే నెలలో కేంద్రం ముసాయిదాను వెనక్కు తీసుకుంది. ఆ నిరసన సరైనదే. ప్రభుత్వంపై కేసు వాదించాల్సిన వకీలు సనదును ప్రభుత్వ ప్రతినిధి చేతిలో పెట్టకూడదు. కక్షిదారుల పక్షాన మాట్లాడే మనిషి, ఒక విశ్రాంత న్యాయాధికారి గానీ న్యాయశాస్త్ర ఆచార్యుడు గానీ, క్రమశిక్షణ కమిటీలో కూర్చోవడం మాత్రం దీనికి పూర్తిగా వేరైన విషయం. దాన్ని అడ్డుకోవడానికి వకీళ్లకు కారణం ఏమీ లేదు.

కక్షిదారు చేయగలిగింది

వకీలు సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందకు రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటి నుంచి వకీలు చేతిలో నష్టపోయిన కక్షిదారుకు వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుంది. సివిల్ దావా, మోసం జరిగితే పోలీసు కేసు, బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు ఇవే మిగిలాయి. వీటిలో వకీలు వృత్తి జీవితాన్ని నేరుగా ప్రశ్నించగలిగేది కౌన్సిల్ ఒక్కటే. ఫిర్యాదును నిర్ణీత నమూనాలో, రుసుముతో, ఆధారాలు జతచేసి దాఖలు చేయాలి. వకాలత్‌నామా నకలు, ఫీజు చెల్లించిన రశీదు లేదా బ్యాంకు వివరం, పేషీ తేదీలు, వకీలుకు పంపిన ఉత్తరాలు దగ్గర పెట్టుకున్నవారి ఫిర్యాదే నిలుస్తుంది. నగదు ఇచ్చి రశీదు అడగడానికి మొహమాటపడటం మనవాళ్లకు అలవాటు. ఆ మొహమాటం చివరకు వారికే నష్టం తెస్తుంది.

కేసు ఓడిపోవడం దుష్ప్రవర్తన కాదు. వాదన నచ్చకపోవడమూ కాదు. సొమ్ము దాచుకోవడం, కాగితాలు ఆపుకోవడం, ఎదుటి పక్షంతో కుమ్మక్కవడం, కోర్టుకు తెలిసి అబద్ధం చెప్పడం వంటివి విచారణకు నిలుస్తాయి. ఫిర్యాదు ఇచ్చేవారిలో చాలామందికి ఇంగ్లీషు రాదు. తెలుగులో, ఉర్దూలో ఫిర్యాదు నమూనాలు, వాటిని నింపడానికి సాయపడే ఒక మనిషి, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో ఎన్నింటిలో ఏ శిక్ష పడిందో చెప్పే వార్షిక ప్రకటన ఈ కౌన్సిల్ నుంచి తెలంగాణ ప్రజలు అడగదగినవి. హైకోర్టు రాజేంద్రనగర్‌కు వెళ్లినా సిటీ సివిల్ కోర్టు ఉన్నంతకాలం పురానీ హవేలీలో ఫిర్యాదులు తీసుకునే ఒక గది ఉండాలి. న్యాయ సేవా సదన్ అక్కడే ఉంది కాబట్టి దానికి కొత్త భవనం కూడా అక్కర్లేదు.